ముక్కలు చూడని ఆట

"ఉగాది నాటికి ఈ గది మళ్ళీ పుస్తకాలకే ఇచ్చేస్తాం."

కాకినాడ రేవు కార్మికుల క్లబ్బు కార్యదర్శి వీరభద్రం మైకు పట్టుకుని అన్న మాట ఇది. తేదీ వేసి మరీ రాసుకున్నాను. ఉగాది పోయింది. వినాయక చవితీ పోయింది. మా గ్రంథాలయంలో బీరువాలు మొహం గోడకి తిప్పుకుని నిలబడ్డాయి. గది మధ్యలో ఆకుపచ్చ గుడ్డ పరిచిన బల్ల. దాని చుట్టూ పోకర్.

"చదివేవాడిదే గది!" అని గుమ్మంలో నిలబడి అరిచాను.

"అరుపులెందుకు కామ్రేడ్, వచ్చి కూర్చో," అన్నాడు వీరభద్రం. "మూడాటల్లో రెండు గెలువు, బల్ల తీయించేస్తా. ఓడావా, నీ పుస్తకాలు పాతకాగితాల బండికి."

అందరూ నవ్వారు. నేను సరేనన్నాను.

నాకు పేకముక్క పట్టుకోవడం కూడా రాదు. అందుకే దస్తగిరి సాయిబు గారి దగ్గరికి వెళ్ళాను. ముప్పై ఏళ్ళు ఓడల్లో వంట చేసిన మనిషి. అక్కడే పోకర్ నేర్చారు. వారంలో నాకు ఆట నేర్పి, ఒక్క పని చెప్పారు.

"చేతికి రెండు ముక్కలొస్తాయి. బల్ల మీద ముక్కలు తెరవకముందు వీరభద్రం ఏం చేస్తాడో రాసుకురా."

పదిహేను రోజులు బల్ల పక్కన నిలబడి నోటుపుస్తకం నింపాను. ఎవరైనా పందెం పెంచితే చాలు, వీరభద్రం పదింట ఎనిమిదిసార్లు ముక్కలు పారేస్తాడు. పిరికి. పెత్తందారీ లక్షణమే అంత అనుకున్నాను.

మొదటి ఆటలో ఏ ముక్కలొచ్చినా పెంచాను. ఆయన పారేస్తూ పోయాడు. గెలిచాను.

రెండో ఆటలో పారేయడం మానేశాడు. నేను చెత్త ముక్కలతో పెంచినప్పుడల్లా నా మీద ఇంకా పెంచాడు. గతిలేక నేనే పారేశాను. నిజంగా మంచి ముక్కలొచ్చినప్పుడు మాత్రం నవ్వుతూ తప్పుకున్నాడు. నా చేతిలోకి తొంగిచూసి ఆడినట్టే ఆడాడు. ఓడాను.

నా ఎత్తు ఇద్దరికే తెలుసు. నాకు, సాయిబు గారికి. ఈ రెండో ఆటకి ముందురోజు సాయంత్రం వీరభద్రం స్కూటరు సాయిబు గారి ఇంటి ముందు ఉండటం నేనే చూశాను.

ఓడిన మర్నాడు పొద్దున్నే ఆయన దగ్గరికి వెళ్ళాను. ఆయన ఒంటరి మనిషి. గట్టు మీద రెండు టీ గ్లాసులు బోర్లించి ఉన్నాయి.

"వీరభద్రం ఎందుకొచ్చాడు?"

"పులస పులుసులో బెండకాయలు ఎప్పుడెయ్యాలో అడగడానికి."

"ఇది నమ్మమంటారా?"

"నీ ఇష్టం. గిన్నెడు పంపాడు కూడా. తింటావా?"

గిన్నె కూడా పంపాడు! జేబులోంచి కాగితం తీసి ఆయన చాప మీద పడేశాను. ఊరంతా పంచడానికి రాసిన కరపత్రం. 'ఇంటిదొంగల ముసుగు తొలగిద్దాం!' మూడో వాక్యంలో ఆయన పేరుంది.

సాయిబు గారు కళ్ళద్దాలు పెట్టుకుని చివరిదాకా చదివారు. మడిచి పక్కన పెట్టారు. పేక తీసి కలిపారు. పందెం బిళ్ళలు చెరిసగం పంచారు. నాకు రెండు ముక్కలు, తనకు రెండు. తన ముక్కలు తీసి చూడలేదు. వాటి మీద కళ్ళద్దాల పెట్టె పెట్టారు.

"ఆడు అబ్బాయ్."

చెత్త ముక్కలు. చటుక్కున బిళ్ళలు ముందుకి తోశాను. టపటపా శబ్దమైంది. ఆయన అంతకు మూడింతలు పెట్టారు. పారేశాను.

మళ్ళీ అదే. మళ్ళీ అదే.

నాలుగోసారి నాకు రెండు రాజులొచ్చాయి. మరోసారి చూసుకున్నాను. నెమ్మదిగా నాలుగు బిళ్ళలు జరిపాను.

ఆయన పెట్టె ఎత్తి, చూడకుండానే తన ముక్కలు పక్కన పడేశారు.

ఇంకో పదిసార్లు పంచేసరికి నా ముందు ఒక్క బిళ్ళ మిగల్లేదు. ఆఖరిసారి పెట్టె కింద ముక్కలు నేనే లాగి తిప్పాను. రెండు, ఏడు. రంగు కూడా కలవలేదు. అంతకంటే చెత్త జత ఈ ఆటలో లేదు.

"మీరు ఒక్కసారి కూడా చూసుకోలేదు."

"లేదు."

"మరి నా దగ్గర ఏమున్నాయో..."

"అదే నేనూ అడుగుతున్నా," అన్నారు సాయిబు గారు, పేక సర్దుతూ. "నాకెవరు చెప్పారంటావు?"

నోటుపుస్తకం నా ఒళ్ళోనే ఉంది. నలభై పేజీలూ వీరభద్రమే. నా గురించి ఒక్క గీత లేదు.

పొయ్యి మీద గిన్నె మూత తీసి, అన్నం పెట్టి, పులుసు పోశారు. తిన్నాను. బెండకాయలు సరిగ్గా ఉడికాయి.

చెయ్యి కడుక్కుని, ఆ కరపత్రం తీసుకుని అడ్డంగా చింపాను. ఒక ముక్క వెనక్కి తిప్పి నెమ్మదిగా రాశాను. ఎప్పుడూ వేసే ఆశ్చర్యార్థకాలు వెయ్యలేదు.

సాయిబు గారు నా భుజం మీదుగా చదివారు.

"ఈసారి మంచి ముక్కలా, చెత్తవా?"

నేను కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. ఆయన మొదటిసారి నవ్వారు.

కాగితం తీసుకెళ్ళి క్లబ్బు నోటీసు బోర్డు మీద గుచ్చాను.

'వీరభద్రం గారికి. మూడో ఆటకి నేను సిద్ధం. ఎప్పుడో చెప్పండి. సెప్టెంబరు 30 లోగా జవాబు కావాలి.'