పొద్దున పుట్టిన పిల్ల గుడ్డ

అనగనగా అంటే ఎప్పుడో చెప్పలేను. ఏరు ఇప్పటికన్నా వెడల్పుగా పారే రోజులు. ఏటి ఒడ్డున గుండ్లకోట. ఆ కోటకు బట్టలుతికేది సంకమ్మ.

కోట సేనను నడిపే దళవాయి కొమ్మినాయకుడు. నిండు కొలువులో రాజు అతణ్ణి అవమానించాడు. నాయకుడు అలిగి, ఏరు దాటి, పరదేశపు రాజును పిలుచుకొచ్చాడు. ఏటి అవతల డేరాలు వెలిశాయి. అవి చూసి ఇవతలి రాజు పారిపోయాడు.

"ముందు నేనెళ్లి తలుపులు తీయిస్తాను" అని నాయకుడు ఒక్కడే బయలుదేరాడు.

కోటలో పెద్దలు బెదిరిపోయారు. "సంకమ్మా, పక్కనున్న చిన్న దిడ్డివాకిలి నుంచి కోట పెద్దతలుపుల దాకా ఆయన నడవడానికి మంచి బట్టలు పరిచెయ్యి. అసలే కోపిష్టి."

"నాకు తెలీదా అయ్యా. పసివాడప్పుడు మొలతాడు కట్టనిచ్చేవాడా?" అంది సంకమ్మ.

ఆ పరదేశి తొక్కిన ఊళ్లలో ఉతకడానికి గుడ్డ కూడా మిగల్లేదని విన్నది. ఊరి మూటలన్నీ ఆమె దగ్గరే. మూట విప్పింది.

నాయకుడు దిడ్డివాకిలి దాటి వచ్చాడు.

సంకమ్మ దులిపింది, పరిచింది, పక్కకు నిలబడింది. "ముసలాళ్ల తలపాగాలు, నాయనా."

నాయకుడు తొక్కుకుంటూ నడిచాడు.

సంకమ్మ దులిపింది, పరిచింది, పక్కకు నిలబడింది. "కొత్త పెళ్లికూతుళ్ల చీరలు, నాయనా."

"పరిచేదేదో పరుచు అవ్వా, ఎవరివైతే నాకెందుకు?" నాయకుడు తల తిప్పుకుని నడిచాడు. ఇంక నాలుగడుగుల్లో పెద్దతలుపులు.

సంకమ్మ దులిపింది, పరిచింది, పక్కకు నిలబడింది. ఈసారి జానెడు గుడ్డ. తడి ఆరలేదు.

"ఇదెవరిది?" నాయకుడే అడిగాడు.

"పొద్దున పుట్టిన పిల్లది. రేపు అది అడిగితే, ఎవరి ఊళ్లో పుట్టావని చెప్పమంటావు, నాయనా?"

ఎత్తిన పాదం ఎత్తినట్టే ఉండిపోయింది. తర్వాత నాయకుడు వంగి, గుడ్డ తీసి, మడత పెట్టాడు. మడత సరిగా కుదరలేదు.

"తల్లికిచ్చెయ్ అవ్వా" అన్నాడు. "నేను వెళ్లాక దిడ్డివాకిలి కూడా గడియ వేసుకోండి."

ఏటి అవతల రాజు అడిగాడట, "తలుపులు తీయించావా?"

"వేయించాను" అన్నాడట నాయకుడు.

ఆయన మళ్లీ రాలేదు. లోపలి నుంచి తలుపు తీసేవాడు లేక, ఏరు పొంగి, పరదేశులు డేరాలు పీక్కుని పోయారు. నాయకుడు తొక్కిన బట్టలన్నీ సంకమ్మ మళ్లీ ఉతికి, ఎవరివి వాళ్లకిచ్చింది. ముసలిదై, తన మంచంలో తను పోయింది.

ఇప్పటికీ ఆ వైపు బిడ్డ పుడితే, మొదటి గుడ్డను ఉతికి గడపలో పరుస్తారు. ఎంత తొందరున్నా ఎవరూ దాటరు. సంకమ్మను తలుచుకుని ఒక ముసలామె అడుగుతుంది, "ఎవరి ఊళ్లో పుట్టావే తల్లీ?"

బిడ్డకు మాటలు రావు కదా. ఇంట్లో ఉన్నవాళ్లంతా చెబుతారు.

"మన ఊళ్లోనే."