శశికిరణ్ తీసేసిన లైను

కాకినాడలోని ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో శశికిరణ్ అనే ప్రోగ్రామర్ ఉండేవాడు. పనిమంతుడే గానీ, ఇంకొకరి కోసం ఒక్క నిమిషం ఆగమంటే ఒళ్ళంతా కారం రాసుకున్నట్టు చిందులు తొక్కేవాడు.

వేటకు వెళ్ళే మత్స్యకారులకు సముద్రం సంగతి చెప్పే యాప్ అతనిదే. వెళ్ళొచ్చంటే పచ్చ గుర్తు, వద్దంటే ఎర్ర గుర్తు. గాలి ఎంత వేగం దాటితే ప్రమాదమో, ఆ హద్దులు అన్ని ప్రాజెక్టులూ వాడుకునే ఒక ఉమ్మడి ఫైల్లో ఉండేవి. ఫైలు మారితే ఏ యాప్‌లు మళ్ళీ తయారు కావాలో, యాప్‌లను తయారుచేసే బిల్డ్ టూల్ చూసుకునేది. అయితే "నా ప్రాజెక్టు ఈ ఫైలు మీద ఆధారపడింది" అని ఎవరి సెట్టింగుల్లో వాళ్ళు ఒక లైను రాసి ఉంచాలి. రాయనివాళ్ళకు అది పాత సరుకే మళ్ళీ అందించేది.

ఆ ఫైల్లో ఎవరు కామా మార్చినా శశికిరణ్ యాప్ మొదటినుంచి తయారయ్యేది, అది ముగిసేదాకా అతను ఆగాల్సి వచ్చేది.

"ఎవడో ఏదో గెలికితే నేను గోళ్ళు గిల్లుకుంటూ కూర్చోవాలా?" అని అతను ఆ లైను తీసేశాడు. బిల్డ్ చిటికెలో అయిపోయింది. సిగ్గులేకుండా టీ దగ్గర గొప్పలు కూడా చెప్పుకున్నాడు.

తుఫానుల కాలం వచ్చింది. టీమ్ లీడ్ వసుంధర గాలి హద్దులు తగ్గించి ఫైలు మార్చింది. అందరి యాప్‌లూ కొత్త హద్దులు అందుకున్నాయి, శశికిరణ్‌ది తప్ప. గాలి లేచిన రోజున కూడా అది పచ్చ గుర్తే చూపించింది.

పోలయ్య అనే మత్స్యకారుడు ఆ గుర్తు చూసుకుని తమ్ముడితో వేటకు వెళ్ళాడు. పడవ తిరగబడింది. వేరే పడవవాళ్ళు పోలయ్యను పైకి లాగారు. తమ్ముడు దొరకలేదు.

పోలయ్య ఫోను పట్టుకుని ఆఫీసుకు వచ్చాడు.

"ఎర్రగా ఉంటే ఎల్లేవాణ్ణా బాబూ? దీన్ని నమ్మే మా తమ్ముణ్ణి తీసుకెళ్ళాను. ఆడి పెళ్ళానికి ఏం చెప్పమంటావు?" అని నిలదీశాడు.

శశికిరణ్ వసుంధర వైపు తిరిగాడు. "ఫైలు మార్చినట్టు నాకెవరూ చెప్పలేదు మేడమ్," అన్నాడు.

ఆమె కోపంగా లేచి నిలబడింది. "చెప్పడానికే కదా ఆ లైను ఉన్నది. దాన్ని పీకేసి, చెప్పలేదంటావా? నీకు నిమిషాలు మిగిలాయి. ఆయనకు తమ్ముడు మిగల్లేదు," అంది.

ఆ సాయంత్రమే శశికిరణ్ ఉద్యోగం ఊడింది. ఊడాల్సిందే. వసుంధర ఆ లైను తిరిగి రాసింది, దానికి ఒక్క నిమిషం కూడా పట్టలేదు.

పదిమంది పని మీద నిలబడి, ఆ సంగతి ఒప్పుకోవడానికి విసుక్కునేవాడు తనను నమ్మినవాళ్ళ ప్రాణాల మీదికి తెస్తాడు.