రెండో కర్ర

ఇంతవరకు నోరు విప్పి ఎవరితోనూ అనలేదు. భూమి గుండ్రంగా ఉందన్న మాట నాకెప్పుడూ లోపలికి దిగలేదు. చదివాను, పక్కింటి పిల్లలకు చెప్పాను, పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. నమ్మడం మాత్రం కుదరలేదు. మా కడపలో కొండలు తప్పిస్తే నేలంతా బల్లపరుపే.

పదో తరగతితో నా బడి అయిపోయింది. ఆ తర్వాత ఏ పుస్తకం దొరికితే అదే చదువు. అలా దొరికిన ఒకదాంట్లో ఆ గ్రీకు పండితుడు కనపడ్డాడు, ఎరటోస్తనీస్. రెండు వేల ఏళ్ళకు పైమాటే, ఈజిప్టులో ఉండేవాడట. దక్షిణాన ఒక ఊళ్ళో ఏడాదికోసారి మిట్టమధ్యాహ్నం ఎండ నిటారుగా బావి అడుగుదాకా దిగుతుందని విన్నాడు. అదే పూట ఉత్తరాన తన ఊళ్ళో మాత్రం నీడ పడుతోంది. ఆ నీడ వాలునూ, రెండు ఊళ్ళ మధ్య దూరాన్నీ పట్టుకుని భూమి చుట్టుకొలత కట్టేశాడు.

కర్ర, నీడ. అంతే కదా అనుకున్నాను. ఎవరి సాయమూ అక్కర్లేదు.

కర్ర ఉన్న చోటు నాకు తెలుసు. ఊరి చివర చిన్న దర్గాలో గురువుగారు హజరత్ దగ్గర ఫార్సీ నేర్చుకుంటున్నాను. వాకిట్లో ఆయన ఒక కర్ర పాతి ఉంచారు. సూర్యుడు నడినెత్తిన ఉండగా నమాజు చెయ్యకూడదు. నీడ బాగా కురచై, మళ్ళీ సాగడం మొదలైతేనే మధ్యాహ్నపు నమాజుకు వేళ. గోడకు గడియారం ఉన్నా ఆయన ఆ నీడనే చూస్తారు.

అదే పొడవు కర్ర ఇంకోటి తెచ్చి, వాకిలికి ఉత్తరపు కొసన పాతాను.

"ఏమ్మే, సొరపాదుకు పందిరా?" అంది అక్కడ వంట చేసే ఖాజాబీ.

"భూమిని కొలుస్తున్నా."

"కొలువు, కొలువు. రవిక కుట్టిస్తావేమో దానికి."

రెండు నీడలూ ఒకటే పొడవు. కర్ర పీకి గోడ పక్కన పాతాను. అదే పొడవు. మర్నాడు అదే వేళకు మిద్దె మీదికి మోసుకెళ్ళాను. అక్కడా అంతే. లెక్కలో తప్పా, పుస్తకం అబద్ధమా, భూమి నిజంగానే బల్లపరుపా? ఏడుపొచ్చినంత పనైంది. దిగొచ్చి, కర్రను మళ్ళీ వాకిట్లో గుచ్చి, హజరత్ ముందు కూలబడి ఆ గ్రీకు పండితుడి కథ చెప్పాను.

"ఆ ఊళ్ళో నీడ లేదు, ఈ ఊళ్ళో ఉంది. ఒకే సూర్యుడు, ఒకే పూట. రెండూ ఎట్లా నిజమవుతాయి, హజరత్?"

ఆయన నవ్వలేదు. "మీ ఫరీదక్కతో మాట్లాడినావా?" అన్నారు.

ఎందుకు అడిగారో అర్థం కాలేదు. అక్క ఆదిలాబాదులో ఉంటుంది. అమ్మ జబ్బుగా ఉన్నప్పుడు వచ్చి, చివరిదాకా నాతోనే ఉంది. పగలు అమ్మ పక్కన నేను, రాత్రుళ్ళు తను. అమ్మ నిమ్మళంగా పోయిందని నేనంటాను. భయపడుతూ పోయిందని అక్క. అమ్మ పోయిన నలభయ్యో రోజు, ఫాతిహా ప్రార్థన నాడు, "అబద్ధాలు చెప్పకు" అన్నాను, అందరి ముందూ. ఆ ఫాతిహా చదివింది హజరతే. అప్పట్నుంచీ మా ఇద్దరి మధ్య ఫోన్లు లేవు.

"నేను భూమి సంగతి అడుగుతున్నా, హజరత్."

"భూమి ఎక్కడికీ పోదులే పాపా."

ఆయన మోకాళ్ళు పట్టుకుని లేచారు. నేను పాతిన కర్రను పీకి, భుజం మీది తుండుతో మట్టి తుడిచారు. పాత కర్ర దగ్గర నిలబడి చాలాసేపు నేలనే చూశారు. నీడ ఇక అంతకన్నా కురచ కాదు అన్నప్పుడు వంగి, నా కర్రను ఆ నీడ వెంబడే పడుకోబెట్టారు.

"ఇది ఎటు చూస్తోంది?"

"ఉత్తరానికి."

"ఇట్లే పోతే?"

"శ్రీశైలం. ఆ పైన హైదరాబాదు. ఇంకా పైకి..."

ఇంకా పైకి ఆదిలాబాదు.

"రెండో కర్ర ఈ వాకిట్లో పాతేది కాదు, పాపా" అన్నారు హజరత్. చేతులూ కాళ్ళూ కడుక్కోడానికి కుళాయి దగ్గరికి వెళ్ళిపోయారు.

నేను ఎండలోనే నిలబడ్డాను. పాత కర్ర నీడ నా కర్ర మీంచి మెల్లగా పక్కకు జరిగింది. భూమి గుండ్రమో కాదో ఇప్పటికీ తేల్చి చెప్పలేను. అక్క వాళ్ళ మిద్దె మీద ఈ పూట నీడ ఎంతుందో తెలీదు. రాత్రుళ్ళు అమ్మ ఏమనేదో కూడా ఏనాడూ అడగలేదు.

"ఏమ్మే, కొలతలైతే అన్నానికి రా!" ఖాజాబీ కేకేసింది.

"వస్తా" అన్నాను. "ముందొక ఫోన్ చేసుకోవాల."