బండరాయి కూర్చున్న కుర్చీ

అనగనగా ఒక అడవిలో ముళ్ళపందుల పేట మట్టి కింద కూరుకుపోయింది. తవ్విన యంత్రాన్ని అందరూ చూశారు. "నన్నడక్కండి, కుర్చీలో ఉన్నవాళ్ళను అడగండి" అన్నాడు కాంట్రాక్టరు. ఈ కథ ఆ మాట గురించి. కోపంగానే చెబుతాను, వినండి.

ఆ అడవికి తూర్పున వాగు ఉంది, పడమట కరువు ఉంది. వాగు నుంచి పడమటికి కాలువ తవ్వాలని పంచాయితీ పెద్ద అడవిదున్న తీర్మానించాడు. ఆ పని కాంట్రాక్టును దుమ్ములగొండి పానకాలుకు అప్పగించాడు. పానకాలు మట్టి తవ్వే పొక్లెయిన్లు మూడు తెచ్చాడు. తవ్వడం అతనికి రాదు. తవ్వించడం వచ్చు.

మొదటి పొక్లెయిన్ నడిపేది ఎలుగుబంటి నాంచారి. ఇద్దరు పిల్లల తల్లి. పిల్లలను వీపున వేసుకుని వచ్చి, దగ్గర్లోని చెట్టెక్కించి, అప్పుడు మీటలు పట్టేది. పందెం కడితే ఆ ఇనుప బకెట్‌తో నేలన పడ్డ గుడ్డును ఎత్తి గూట్లో పెట్టేది. పందెం కట్టినవాళ్ళు ఎప్పుడూ ఓడిపోయేవాళ్ళు.

డ్రైవర్లందరికీ ఒక ఆచారం ఉండేది. యంత్రం ఎక్కేముందు దాని చుట్టూ ఒకసారి నడవాలి. కింద ఎవరైనా పడుకున్నారేమో చూడాలి. బొరియల దగ్గర ఆగి కేకెయ్యాలి. ఆ తర్వాతే క్యాబిన్ ఎక్కాలి. ముళ్ళపందులు రాత్రంతా తిరిగి పగలు నిద్రపోయే జాతి. కేకెయ్యకపోతే వాటికి తెలియదు. వాటిలో ఈరమ్మ అవ్వకు చెవుడు కూడా.

"ఎవరే అది, పొద్దున్నే గొంతు చించుకుంటోంది?"

"నేనే అవ్వా, నాంచారిని. జరుగు, మీ ఇంటి పక్కన తవ్వాలి."

"నా పెళ్ళికి కూడా మీ తాత ఇంత మేళం పెట్టించలేదు!" అని గొణుక్కుంటూ అవ్వ మనవలను తోలుకుని దూరంగా వెళ్ళేది. రోజూ ఇదే తంతు.

ఒకరోజు పానకాలు నల్ల పెట్టెలు తెచ్చి మూడు యంత్రాల్లోనూ మీటల దగ్గర బిగించాడు.

"నాంచారమ్మా, ఇది నీ చేతులను చూసి పని నేర్చుకుంటుంది" అన్నాడు.

"నేర్చుకుని ఏం చేస్తుంది?"

"నీకు సాయం చేస్తుంది."

నాంచారి సరేనంది. సాయం వద్దనేది ఎవరు? పెట్టె ఆమె చేతులను శ్రద్ధగా చూసింది. చేతులను మాత్రమే చూసింది. చుట్టూ నడిచే కాళ్ళు దానికి కనబడలేదు. కేకేసే గొంతు దానికి వినబడలేదు. సీట్లో కూర్చోకముందు చేసేదేదీ దాని లెక్కలో పనే కాదు.

పెట్టె నేర్చుకుంది. పానకాలు క్యాబిన్లకు తాళాలు వేశాడు.

"ఇక మూడూ వాటంతట అవే తవ్వుతాయి. నువ్వు ఆ నీడన కుర్చీలో కూర్చుని తెర మీద చూస్తుంటే చాలు. ఏదైనా తేడా వస్తే ఈ ఎర్ర మీట నొక్కు."

"మరి మిగతా ఇద్దరు డ్రైవర్లు?"

"సెలవు."

"ఎన్నాళ్ళు?"

పానకాలు నవ్వాడు. దుమ్ములగొండి నవ్వు ఎలా ఉంటుందో మీకు తెలుసు.

ఆ ఇద్దరిలో ఒకడు అడవిపంది సింహాద్రి. "మన చేతుల చేతే మన నోటికాడి కూడు లాగించాడు చూశావా అక్కా!" అన్నాడు. నాంచారి తల పైకెత్తింది. చెట్టు మీద పిల్లలు ఆకలని ఏడుస్తున్నారు. వెళ్ళి కుర్చీలో కూర్చుంది.

కూర్చున్న కాసేపటికే లేచింది. లేవగానే మూడు యంత్రాలూ టక్కున ఆగిపోయాయి. పానకాలు పరుగెత్తుకొచ్చాడు.

"ఎక్కడికి?"

"చుట్టూ నడిచి కేకేసి వస్తాను."

"కుర్చీలో బరువుంటేనే యంత్రాలు కదులుతాయి. లేవకు!"

"బొరియల్లో వాళ్ళకు ఎవరు చెబుతారు?"

"అది పని కాదమ్మా, అలవాటు. అలవాట్లకు టైము లేదు."

నాంచారి మళ్ళీ అడిగింది. మర్నాడు కూడా అడిగింది. ఎన్నిసార్లు అడిగినా అదే జవాబు.

కాలువ మలుపు తిరిగి ముళ్ళపందుల పేట మధ్యలోకి వచ్చింది. తెర నిండా దుమ్ము. ఆ దుమ్ములో ఒక ముల్లు మెరిసింది. నాంచారి చటుక్కున ఎర్ర మీట నొక్కింది. యంత్రం ఆగింది. బకెట్ నేలలో దిగాక ఆగింది.

నాంచారి కుర్చీ తన్నేసి పరుగెత్తింది. గోళ్ళతో మట్టి తోడింది. మనవలను ఒక్కొక్కరిని బయటికి లాగింది. అందరూ బతికారు. చివర ఈరమ్మ అవ్వ దొరికింది. ఆమె వెనక కాళ్ళు రెండూ నలిగిపోయాయి.

"కేక వినబడలేదేమే అమ్మాయ్?" అంది అవ్వ. "చెవుడు ముదిరిందనుకున్నాను."

నాంచారి ఒళ్ళు మండిపోయింది. నాకూ మండుతోంది.

మర్నాడు పంచాయితీ. దానికి ముందు పానకాలు నాంచారిని పక్కకు పిలిచాడు.

"మీట నొక్కడం ఆలస్యమైందని చెప్పు. తప్పు నాదేనని ఒప్పుకో. పెద్దాయన నాలుగు తిట్లు తిట్టి వదిలేస్తాడు. కుర్చీ నీకే ఉంటుంది. పిల్లల తల్లివి, ఆలోచించుకో."

"బకెట్ నా చేతిలో ఉందా?"

"లేదు."

"లేచి నడవనిచ్చావా?"

"లేదు."

"మరి తప్పు నాదెలా అయింది?"

"కుర్చీలో ఉన్నది నువ్వేగా!"

ఆ కుర్చీ ఎందుకు వేశాడో నాంచారికి అప్పుడు అర్థమైంది. దాని మీద కూర్చునేవాళ్ళకు పని లేదు. నింద మాత్రం ఉంది.

పంచాయితీలో లేచి నిలబడింది. "పెట్టె నా దగ్గర నేర్చుకున్న మాట నిజం. నేను కుర్చీలో ఉన్న మాటా నిజం. నడవనివ్వండి, కేకెయ్యనివ్వండి అని అడిగితే ఇతను వద్దన్నాడు. అదీ నిజమే. నా చేతిలో లేని పనికి నా పేరు ఇవ్వను. ఇక ఆ కుర్చీలో కూర్చోను."

అడవిదున్న నెమరు వేస్తూ విన్నాడు. "యంత్రమన్నాక ఒక్కోసారి అలా అవుతుంది. కాలువ ఆగకూడదు" అన్నాడు.

"నా కాళ్ళు కూడా ఒక్కసారే విరిగాయి పెద్దాయనా!" అని కూర్చున్న చోటి నుంచే అరిచింది ఈరమ్మ అవ్వ. ఆ మాట దున్నకు వినబడలేదట. చెవుడు అవ్వకు అన్నారు గాని!

పానకాలు సింహాద్రిని పిలిచి కుర్చీ చూపించాడు. సింహాద్రి డొక్క ఎండిపోయి ఉంది. నాంచారి వైపు తిరిగాడు.

"కూర్చోమంటావా అక్కా?"

"నీ ఇష్టం తమ్ముడూ. తవ్వేది పెట్టె. తిట్లు తినేది నువ్వు."

"తిట్లా? ఇంట్లో తినేవే అరగడం లేదు" అని సింహాద్రి వెళ్ళిపోయాడు. ఇంకెవరూ రాలేదు.

పానకాలు ఊరుకున్నాడా? ఒక బండరాయిని దొర్లించుకొచ్చి కుర్చీలో పెట్టాడు. యంత్రాలు గుర్రుమని కదిలాయి. ఎలుగుబంటికీ బండకూ తేడా వాటికి తెలియలేదు. ఆ మాటకొస్తే పానకాలుకు ముందు నుంచీ తెలియదు.

కాలువ ముందుకు సాగింది. అడవిదున్నల బురదగుంట దాకా వెళ్ళింది. గుంటలో దున్న గారి దూడ పడుకుని ఉంది. చుట్టూ నడిచినవాళ్ళు లేరు. కేకేసినవాళ్ళు లేరు. బకెట్ దిగింది. దూడ తోక తెగింది.

అడవిదున్న రంకెలు వేసుకుంటూ వచ్చాడు. "ఎవడురా తవ్వింది?"

"కుర్చీలో ఉన్నవాళ్ళను అడగండి" అన్నాడు పానకాలు, అలవాటు కొద్దీ.

దున్న బండను అడిగాడు. బండ పలకలేదు. తిట్టాడు. తిట్లన్నీ పడింది. కుమ్మాడు. కొమ్ము నొప్పి పుట్టింది. అప్పుడు తల తిప్పాడు. "ఈ బండను ఇక్కడ కూర్చోబెట్టింది ఎవరు?"

పానకాలు ఈసారి నవ్వలేదు.

ముళ్ళపందుల పేట కూలినప్పుడు ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు. సొంత దూడ తోక తెగితే నోటికొచ్చింది. పెద్దల న్యాయం చాలాసార్లు తోక తెగాకే నిద్రలేస్తుంది. పిల్లలూ, ఇది గుర్తుపెట్టుకోండి.

కూలిన బొరియలన్నీ పానకాలు తన కాళ్ళతోనే మళ్ళీ తవ్వాలని పంచాయితీ తీర్పు చెప్పింది. కుర్చీలో ఇక బండను పెట్టకూడదని కూడా చెప్పింది. తవ్వాడు. వంకరటింకరగా తవ్వాడు. అవ్వ తిడుతూ తవ్వించింది. ఆమె కాళ్ళు మాత్రం తిరిగి రాలేదు.

ఆ పనయ్యాక పానకాలు నాంచారి దగ్గరికి వచ్చాడు.

"కుర్చీకి మెత్త వేయిస్తాను, పైన పందిరి వేయిస్తాను. రా నాంచారమ్మా."

"మీటలు నా చేతికిస్తావా?"

"పెట్టె ఉందిగా."

"లేచి నడవనిస్తావా?"

"యంత్రాలు ఆగిపోతాయిగా!"

"అయితే నువ్వే కూర్చో" అంది నాంచారి.

ఆ ఏడు నాంచారి పుట్టలు తవ్వి చెదలతో పిల్లలను సాకింది. పిల్లలు చిక్కిపోయారు, కానీ బతికారు. ఆ కుర్చీలో ఎప్పుడు ఎవరు కూర్చుంటారోనని, పొద్దున్నే కాలువ గట్టు వెంట నడిచి ప్రతి బొరియ దగ్గరా కేకెయ్యడం మానలేదు. అవ్వ తిట్టడమూ మానలేదు. దారిలో, చెట్టు నీడన, ఆ కుర్చీ మెత్త వేసుకుని ఎదురుచూస్తూనే ఉంది. నాంచారి రోజూ దాని పక్కనుంచే నడిచి వెళ్ళింది. ఒక్కరోజు కూడా కూర్చోలేదు.

నీతి: పగ్గాలు తన దగ్గర పెట్టుకుని నింద మాత్రం నీకిచ్చేవాడు చూపించే కుర్చీలో కూర్చోకు, ఆ కుర్చీ వేసింది ఎవరని మొదటి రోజే అడుగు.