నక్క పంటిగాటు పెట్టిన ముప్పై గుల్లలు

"పది మందిమి తవ్వాం, పది గుల్లలే ఉంటాయి. పదకొండోది పుడితే నా తోక కోసెయ్యండి!"

ఎండిన వాగులో కొత్తగా తవ్విన చెలమ పక్కన నిలబడి నక్క అన్న మాట ఇది. ఆ చెలమలో రోజుకు పది కడుపులు నిండేంత నీరే ఊరుతుంది. అందుకే తవ్విన పది జంతువులకూ తలా ఒక నత్తగుల్ల. గుల్ల ఉన్నవాళ్లకు రోజూ ఒక వంతు నీళ్లు. గుల్ల చెల్లాలంటే దాని మీద నక్క పంటిగాటు ఉండాలి.

"ప్రతి అమావాస్యకూ ఇసుక తోడాలి. గుల్లకు పది గంపలు. తోడకపోతే గుల్ల చెల్లదు" అన్న నియమం పెట్టింది కూడా నక్కే. గాడిద బద్ధకిస్తుందని దాని అనుమానం. తీరా చైత్ర అమావాస్యకు అందరి ఇసుకా ఎద్దే తోడేసింది. ఎవరూ అడగలేదు, అదీ చెప్పుకోలేదు.

వైశాఖం వచ్చేసరికి మేకకు వంతు నాలుగు రోజులకోసారి వస్తోంది.

"నక్కన్నా, నిన్నా లేదు, మొన్నా లేదు. నా పాలు ఎండిపోయాయి. పిల్లలిద్దరూ లేచి నిలబడలేకపోతున్నారు."

"నీ గుల్ల ఎవరైనా లాక్కున్నారా చెల్లెమ్మా?"

"లేదు."

"మరింకేం? కొండ అవతల నుంచి ముప్పై మంది కొత్త భాగస్వాములు చేరారు. మన చెలమ పేరు పెరిగింది. సంతోషించాలి!"

"ఎవరు వాళ్లు?"

"పేర్లు చెప్పడం మర్యాద కాదు."

దోపిడీ అంటే ఇదే! చేతిలోది లాక్కోదు. చేతిలోదాన్ని అలాగే ఉంచి, అందులోని తడి పీల్చేస్తుంది. తవ్వినవాడికే నీళ్లు! చెమట కారనివాడికి చుక్క లేదు!

మేక ఏడుస్తూ ఎద్దు దగ్గరికి పోయింది. ఎద్దు నెమరు ఆపింది.

"ఎల్లుండి అమావాస్య కదూ? ఈసారి నా పది గంపలే తోడతాను."

"అంతేనా మామా?"

"అంతే."

అమావాస్య పొద్దున పది గంపలూ తోడి ఎద్దు నీడకు చేరింది. మేకా, తక్కినవాళ్లూ తమ పది గంపలు తోడారు. గాడిదైతే ఓండ్ర పెడుతూ పన్నెండు తోడింది.

నక్క పరుగెత్తుకొచ్చింది. "ఏం మామా, కూర్చున్నావ్? మిగతా ఇసుకంతా అలాగే ఉంది!"

"నా వంతు అయింది అల్లుడూ. ఆ ముప్పై మందినీ పిలువు."

"వాళ్లు దూరాన ఉంటారు మామా..."

"అయితే ఆ గుల్లలు చెల్లవు. నియమం నీదే కదా!" అంది గాడిద.

నక్క పొదల వైపు తిరిగి కేక పెట్టింది. "బామ్మర్దీ! తోడల్లుడూ! ఒరే మేనల్లుళ్లూ!"

ముప్పై కుచ్చుతోకలు బయటికొచ్చాయి.

"కొండ అవతలంటే మీ అత్తారిల్లా అన్నా?" అంది మేక. వాగంతా నవ్వింది.

రెండేసి గంపలు తోడేసరికి నక్కల గోళ్లు చిట్లాయి. "పెళ్లికి పిలిచినట్టు పిలిచి మట్టిపనికి పెడతావా బావా? నీ గుల్ల నువ్వే ఉంచుకో!" అని బామ్మర్ది విసిరికొట్టి పోయాడు. మిగతావాళ్లూ అతని వెనకే. పొద్దు వాలేలోగా ముప్పై గుల్లలూ గాడిద గిట్టల కింద పటపటలాడాయి. తన గుల్ల నిలబెట్టుకోవడానికి నక్క ఒక్కటే, రొప్పుతూ, పది గంపలు తోడింది.

మర్నాటి నుంచి మేక రోజూ తాగింది. నాలుగో రోజుకు పిల్లలు పొదుగును కుమ్ముతూ పాలు కుడుస్తుంటే కదలకుండా కళ్లు మూసుకుంది.

నీతి: కొత్త వాటా పుట్టినప్పుడల్లా పాత వాటా చిక్కిపోతుంది కాబట్టి, అది ఎవరింట్లో పుట్టిందో ముందే అడగాలి.

నక్క మాత్రం తన గుల్ల నోట కరుచుకుని రోజూ చెలమకు వస్తూనే ఉంది. అందుకే మేక చెలమ గట్టెక్కి అందరూ వినేలా చెప్పింది. "నీ తోక మాకొద్దన్నా. మమ్మల్ని అడక్కుండా ఇంకో గుల్ల మీద పన్ను పెడతావా, పెట్టవా? ఏరువాక పున్నమి నాడు పొద్దు గుంకేలోగా జవాబు చెప్పు."