మూడు పేర్ల రాజమ్మ, మూడు కుండల విత్తనాలు

నేనెప్పుడూ ఏమీ రాసినదాన్ని కాదు. అయిదో తరగతితోనే బడి ఆగిపోయింది. మనవరాలికి పడుకునేటప్పుడు చెప్పే కథే ఇది. నోటికి వచ్చినట్టే రాశాను.

అనగనగా బంగారూ, కొండ కింద ఒక ఊళ్ళో రాజమ్మ అని ఒకావిడ ఉండేది. ఆవిడకి ఒక ముసలి తల్లి, ఒక మెట్ట చేను. రెండేళ్ళుగా ఏం జల్లినా మొలవలేదు. ఇంట్లో మూడు చిన్న కుండల విత్తనాలే మిగిలాయి. ఒకదాంట్లో కందులు, ఒకదాంట్లో నువ్వులు, ఒకదాంట్లో పెసలు. ఇవీ పోతే తల్లీకూతుళ్ళకి గంజి కూడా ఉండదు.

అప్పుడు రాజమ్మ సిద్ధాంతిగారి దగ్గరికి వెళ్ళింది. "బాబుగారూ, నన్ను పట్టుకున్నది ఏ గ్రహమో చూడండి" అంది.

"ఎప్పుడు పుట్టావమ్మా?"

"వానలో పుట్టానంట బాబూ. అంతకంటే ఎవరికీ గుర్తులేదు."

"అయితే పేరుని బట్టి చూద్దాం. ఆకాశంలో ఇరవయ్యేడు నక్షత్రాలు. తొమ్మిది గ్రహాలూ తలా మూడు పంచుకున్నాయి. నీ నక్షత్రం ఎవరి వాటాలో ఉంటే, వాళ్ళ దశతోనే నీ బతుకు మొదలు. రాజమ్మ అంటే 'రా'. చిత్తా నక్షత్రం. కుజుడిది. ఆయన ధాన్యం కందులు. రేపు పొద్దున్నే ఇంట్లో ఉన్న కందులన్నీ దానం చేసెయ్యి."

ఎవరికి చెయ్యాలో ఆయన చెప్పలేదు, ఈవిడ అడగలేదు.

అరుగు దిగుతుంటే పుట్టింటి ఊరి గాజులమ్మ ఎదురైంది. "ఓలమ్మో, నూకాలూ! ఎన్నాళ్ళయిందే నిన్ను చూసి!"

సిద్ధాంతిగారు చెవులు రిక్కించారు. "ఇదేం పేరమ్మా మళ్ళీ?"

"బారసాలనాడు పెట్టింది బాబూ. రాజమ్మ అని అత్తారు మార్చారు."

"ముందే చెప్పొద్దూ! 'నూ' అంటే అనూరాధ. శని వాటా. కందులు కాదు, నువ్వులు!"

ఆ తర్వాత ఇంటికొచ్చి తల్లికి చెప్పింది. తల్లి బోసినోటితో నవ్వింది. "నూకాలూ అని ఎంత అరిచినా దుప్పటి ముసుగేసేదానివి కదే. చిట్టీ అంటేనే లేచేదానివి."

రాజమ్మ మళ్ళీ పరుగెత్తింది. సిద్ధాంతిగారు తల గోక్కున్నారు. "నిద్రలో ఏ పేరుకి లేస్తావో అదే అసలు పేరు. 'చి' అంటే రేవతి. బుధుడు. పెసలు... ఇప్పటికీ ఆ పేరుకే లేస్తావా?"

"ఇప్పుడు నన్నెవరు లేపుతారు బాబూ? నేనే మా అమ్మని లేపుతాను."

"అయితే రేపు దేనికి లేస్తావో చూసుకో పో!"

రాజమ్మ తలగడ దగ్గర మూడు కుండలూ పెట్టుకు పడుకుంది. కుజుడికిస్తే శనికి కోపం. శనికిస్తే బుధుడికి కోపం. ముగ్గురికీ ఇచ్చేస్తే చేలో ఏం జల్లాలి? నేను రాజమ్మనా, నూకాలునా, చిట్టినా? ఏమీ తేలలేదు. అలాగే కన్ను మూతపడింది.

తెల్లారుతుండగా ఎవరో పిలిచినట్టయి దిగ్గున లేచింది. తల్లి గుర్రు పెడుతోంది. వాకిట్లో ఎవరూ లేరు. చూరు మీద మాత్రం టపటపా, టపటపా.

వాన! దానికి ఈవిడ పేరే తెలీదు.

అప్పుడు రాజమ్మ కొంగు బిగించింది. మూడు కుండలూ ఒకే గంపలో ఒంపి కలిపేసింది. వాన కాస్త వెలిసేసరికి, దున్ని ఉంచిన చేలో నిలబడింది.

"దానం చెయ్యమన్నారు భూమితల్లీ. ఇదిగో, నీకే చేస్తున్నాను. కుజుడో, శనో, బుధుడో, నాకు తెలీదు. ఎవరి వాటా వాళ్ళు వచ్చి ఏరుకోండి బాబూ" అంటూ గుప్పెడు గుప్పెడు జల్లుకుంటూ వెళ్ళింది.

మొలిచాయి కందీ, పెసరా, నువ్వూ,
కళ్ళు మూసుకో ఇక నువ్వూ.
కథ పోయె కంచికి,
కునుకు వచ్చె మంచానికి.