పోగమ్మ మింగిన సున్నం

ఒకప్పుడు లోకంలో ఎవరికీ వెన్నెముక లేదు. నమ్మరా? నమ్మకపోతే పొండి, నాకేం! చేపకు లేదు, ఎందుకంటే అసలు చేపే లేదు. కప్ప లేదు, పాము లేదు, పిట్ట లేదు, పిల్లి లేదు. మీరూ లేరు, మీకు కథ చెప్పడానికి నేనూ లేను.

అప్పుడు ఉన్నవాళ్ళంతా సముద్రంలోనే ఉండేవాళ్ళు. కొందరికి ఒళ్ళంతా మెత్తన. కొందరికి ఒంటి మీద పెంకు.

పెంకు ఎక్కడిదంటారా? సముద్రం తాత ఇచ్చిందే. ఏడాదికోసారి, పెద్ద పోటు వచ్చే రోజున, తాత అడిగినవాళ్ళందరికీ తలో ముద్ద సున్నం పంచేవాడు. గోడకు పూసినట్టు దాన్ని ఒంటికి పూసుకునేవాళ్ళు. గట్టిపడితే అదే పెంకు. నత్త అలాగే పూసుకుంది, పీత అలాగే పూసుకుంది. సున్నమంటే పైన పూసుకునేదే! ఇంకోలా వాడొచ్చని ఎవరి బుర్రకూ తట్టలేదు.

మెత్తనివాళ్ళలో పోగమ్మ ఒకతె. చిటికెన వేలంత ఉండేది. వీపు వెంబడి, తల నుంచి తోక దాకా, ఒంటి లోపల ఒక పోగు ఉండేది. వాళ్ళ వంశంలో తప్ప ఆ పోగు ఇంకెవరికీ లేదు. ఉండి ఏం లాభం? తడిసిన నూలుపోగు ఎంత గట్టిగా ఉంటుందో అదీ అంతే. అల ఎటు తోస్తే పోగమ్మ అటు పోయేది.

పాపం, ఆమెకో పెద్ద దిగులు. ఆ నీళ్ళలో పెంకురాయుడని ఒక తేలు ఉండేవాడు. తేలంటే మన గోడ మీద పాకే తేలనుకునేరు. పడవంత తేలు! ఒళ్ళంతా జానెడు మందాన సున్నం పూసుకుని, పట్టకార్ల లాంటి చేతులు టకటకలాడిస్తూ తిరిగేవాడు. పోగమ్మ గుడ్లు పెట్టడం, వాడొచ్చి ఊడ్చుకు తినడం. ఏటేటా ఇదే. ఒక్క పిల్ల కూడా కళ్ళు తెరవలేదు. కడుపుకోత ఎవరిదైనా కడుపుకోతే కదర్రా.

ఈ ఏడు మళ్ళీ కడుపు నిండింది. పోగమ్మ గట్టిగా అనుకుంది. "ఈసారి వాడికి ఒక్క గుడ్డు కూడా దక్కనివ్వను. ఏటికి ఎదురీది, కొండ మీది మడుగులో పెడతాను. అంత బరువు మోసుకుని వాడు అక్కడికి ఎక్కలేడు."

వెళ్ళి అక్కతో చెప్పింది. అక్క పేరు నింపాదమ్మ. ఒక రాతి మీద చతికిలబడి ఉంది.

"ఏటికి ఎదురీదుతావా? నీకేమైనా పిచ్చా?" అంది నింపాదమ్మ ఆవలిస్తూ. "నా పక్కన కూర్చోవే. నోరు తెరిస్తే తిండి అదే వస్తుంది. ఈతెందుకు, ఆ పోగెందుకు?"

"నీకు తిండి వస్తుందక్కా. నాకు పిల్లలు కావాలి" అంది పోగమ్మ.

కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయంటారు చూశారూ, నింపాదమ్మకు వీపులో ఉన్న పోగే కరిగిపోయింది! ఇవాళ్టికీ సముద్రపు రాళ్ళకు అతుక్కుని, ముట్టుకుంటే చిమ్మున నీళ్ళు చిమ్మే తిత్తులు కనబడతాయి. అవన్నీ ఆ మహాతల్లి సంతానమే.

పోగమ్మ ఏటి మొగకు వెళ్ళింది. అక్కడ ఏరమ్మ కొండ దిగి, దబదబా వచ్చి సముద్రంలో పడుతోంది.

"పిన్నీ, కాస్త దారివ్వవూ?"

"నా దారిన నేను పోతున్నానే పిల్లా. చేతనైతే ఎక్కు, చేతకాకపోతే తప్పుకో" అంది ఏరమ్మ.

పోగమ్మ తోక ఊపింది. ఊపితే ఏముంది? మెత్తని ఒళ్ళు నీళ్ళలో గుడ్డపీలికలా మెలికలు తిరిగింది. ఏరమ్మ ఒక్క తోపు తోసింది. పోగమ్మ వచ్చి మళ్ళీ సముద్రంలోనే పడింది. మూడుసార్లు వెళ్ళింది, మూడుసార్లూ పడింది.

ఇంతలో పెద్ద పోటు రోజు వచ్చింది. సున్నం కోసం అందరూ తాత ముందు బారులు తీరారు. పోగమ్మ కూడా నిలబడింది. వాళ్ళ వంశంలో అంతకుముందు ఎవరూ సున్నం అడిగింది లేదు. తాత కళ్ళు చికిలించి చూసి, చిన్న ముద్ద తీసి ఆమె ముందు పెట్టాడు.

"తొందరగా పూసుకోవే, గట్టిపడిపోతుంది!" అని కంగారుపెట్టింది నత్త.

పోగమ్మ ముద్ద వంక చూసింది. పైన పూసుకుంటే బరువు. బరువైతే ఏరు ఎక్కలేదు. పూసుకోకపోతే ఒంట్లో బలం లేదు. బలం లేకపోతే అప్పుడూ ఎక్కలేదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఏం చెయ్యాలి?

"పైన కాకపోతే లోపల!" అనుకుని గుటుక్కున మింగేసింది.

"అయ్యో అయ్యో, సున్నం మింగిందర్రా!" అని నత్త కేకేసింది. పీతలు కడుపు పట్టుకుని నవ్వాయి. "గోడకు పూసేది కూడులా తింటారటే? మీ వంశంలో తెలివి ఎవరికీ లేదా?"

సున్నం జరజరా పోగు వెంబడి పాకింది. తల నుంచి తోక దాకా పాకి, చటుక్కున గట్టిపడింది. పోగమ్మ రోకలిబండలా బిగుసుకుపోయింది! పక్కకు తిరగబోతే తిరగదు, వంగబోతే వంగదు. తెలివి తక్కువ పనే చేశానా అని గుండె జారిపోయింది.

అప్పుడే నీళ్ళు నల్లబడ్డాయి. పెంకురాయుడు!

"ఆహా, ఈసారి గుడ్లతో పాటు తల్లి కూడానా? సున్నం వేసి మరీ వండుకుందే!" అంటూ మీదికొచ్చాడు.

పోగమ్మ పారిపోయింది. తిరగడం రాదు కదా, ముక్కుసూటిగా పోయింది. అలలు విసిరిన ఊపుకు ఏటి మొగలోకి దూసుకెళ్ళి, ఒక నల్లరాతికి దభీమని గుద్దుకుంది.

ఫట్! ఫట్! ఫట్! ఫట్!

ఒంట్లో సున్నం కాస్తా ముక్కలు ముక్కలైంది. "అయిపోయింది" అని ఏడ్చింది పోగమ్మ. "నన్ను నేనే విరగ్గొట్టుకున్నాను. నా బిడ్డలు ఈసారి కూడా దక్కరు."

వెనక టకటకమంటూ రాయుడి చేతులు. భయంతో తోక విదిల్చింది.

అంతే! పోగమ్మ బాణంలా ముందుకు పోయింది.

ఏం జరిగిందో ఆమెకే తెలియలేదు. ఇంకోసారి విదిల్చింది. ఇంకాస్త పోయింది! సున్నం విరిగింది గాని పోగు తెగలేదు. ముక్కలన్నీ పోగుకు పూసల్లా గుచ్చుకుని ఉన్నాయి. రెండు ముక్కల మధ్య కాస్త సందు. ఆ సందు దగ్గర వంగుతోంది, ముక్క దగ్గర గట్టిగా నిలుస్తోంది. ఒక పూస పక్క పూసను తోస్తే, అది ఇంకో పూసను తోస్తే, ఆ బలమంతా తోకకు చేరింది.

"వంగుతున్నాను! పిన్నీ, వంగుతున్నాను!" అని అరిచింది పోగమ్మ.

ఏరమ్మ తోసింది. పోగమ్మ ఆగలేదు. ఏరమ్మ సుడి తిప్పింది. పోగమ్మ సుడిలోంచి సర్రున జారుకుంది. ఎదురుగా తాటిచెట్టంత ఎత్తున నీళ్ళు దూకుతున్నాయి. వెనక పెంకురాయుడు రాళ్ళు పట్టుకుని ఎగబాకుతున్నాడు.

పోగమ్మ ఒళ్ళంతా విల్లులా వంచింది. ఎగిరింది! సగం దాకా వెళ్ళి పడింది. మళ్ళీ వంచింది, మళ్ళీ ఎగిరింది.

అప్పటిదాకా తోసిన ఏరమ్మకే మనసు కరిగింది. "ఎక్కవే నా తల్లీ, ఎక్కు! నాకు ఎదురొచ్చిన మొనగత్తెను ఇన్నాళ్ళకు చూశాను!" అని కేకలు పెట్టింది.

మూడోసారి పోగమ్మ ఎండలో తళుక్కున మెరిసి, నీళ్ళ మీదుగా దూకి, కొండ మీది మడుగులో పడింది.

పెంకురాయుడు కూడా ఎగరబోయాడు. అంత సున్నం మోసుకుని ఎగరడమా? వెల్లకిలా పడి, కాళ్ళన్నీ గాలిలో కొట్టుకుంటూ, దొర్లుకుంటూ పోయి సముద్రంలో పడ్డాడు. చావు తప్పి కన్ను లొట్టపోయింది. మళ్ళీ అటు తొంగి చూస్తే ఒట్టు.

పోగమ్మ మడుగులో గుడ్లు పెట్టింది. కన్నార్పకుండా కాపలా కాసింది. ఒకరోజు పొద్దున్నే గుడ్డు పగిలింది. పక్కది పగిలింది. ఆ పక్కదీ పగిలింది. మడుగంతా బిలబిలమంటూ పిల్లలే! ప్రతి పిల్ల వీపులోనూ తల్లి పూసలే. పోగమ్మ వాళ్ళ మధ్య గిరగిరా తిరుగుతూ నవ్వింది, ఏడ్చింది, మళ్ళీ నవ్వింది. ఆ సంబరం చూసి ఏరమ్మ కొండంతా మోగిపోయేలా గలగలలాడింది.

ఆ పిల్లలూ, వాళ్ళ పిల్లల పిల్లలూ ఊరుకునే రకమా? కొందరు నీళ్ళలోనే ఉండి చేపలయ్యారు. కొందరికి గట్టెక్కి చూడాలనిపించింది. వాళ్ళు కప్పలయ్యారు. ఒకడు కాళ్ళు వద్దని, పూసలే పూసలు పెంచుకుంటూ పోయి పామయ్యాడు. తాబేలుకు మాత్రం రెండూ కావాలి, లోపల పూసలూ, పైన డిప్పా! అత్యాశ, ఏం చేస్తాం. ఒకతె రెక్కలు కట్టుకుని పిట్టై ఎగిరిపోయింది. ఏనుగు ఆ పూసల మీదే అంత ఒళ్ళు మోసింది. కోతి మిగిలిన పూసలన్నీ తోకలో దాచుకుంది. చిట్టచివర ఒకడు పూస మీద పూస నిలబెట్టి, రెండు కాళ్ళ మీద నిటారుగా లేచాడు. వాడెవడో మీకు చెప్పాలా?

నత్తా, పీతా మాత్రం ఇప్పటికీ సున్నం పైనే పూసుకుంటున్నాయి.

మన వెన్నెముక ఒకే కర్రలా కాకుండా పూసలు పూసలుగా ఉన్నది అప్పటినుంచే. కావాలంటే ముందుకు వంగి, వీపు మధ్య వేలితో తడిమి చూసుకోండి. అప్పటినుంచే చేపైనా, పామైనా, పిట్టైనా, మనిషైనా, ఆ పూసల బలంతోనే వంగుతున్నారు, వంగి మళ్ళీ లేస్తున్నారు.